"అలవాటు పడినాడులే": సుగ్గి కాలంలో పిల్లల మౌనం

దీపావళి దాటి, పత్తి ఏరడం ఒక కొలిక్కి వచ్చాక కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు పల్చబడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు వీధుల్లో తాళాలు పడిన ఇళ్లు కనిపిస్తాయి. బియ్యం మూటలు, వంటసామాను, పరుపులు లారీలకెత్తుకుని జనం గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతారు. కొందరు బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడాల పనులకు పోతారు. దీన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరాల కాలం. సరిహద్దు ఊళ్లలో అదే మాట, సొంత చేను పండక పరాయి చేను కోయడానికి పోవడానికి పేరయింది.

పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది. వదిలిపోతే అవ్వాతాతల దగ్గర ఉంటారు, లేదంటే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలసల కాలంలో నడిపే సీజనల్ హాస్టల్లో చేరతారు. ఏది మేలన్న చర్చ ఏళ్లుగా హాజరు పట్టీ చుట్టూనే తిరుగుతోంది. ఎంతమంది బడి మానేశారు, ఎంతమంది మళ్లీ చేరారు అన్నదే లెక్క. పిల్లవాడు బడిలో కూర్చున్నాడా లేదా అన్నది తెలుస్తుంది. కూర్చున్నవాడి లోపల ఏం జరుగుతోందో ఆ పట్టీలో ఎక్కడా ఉండదు.

నాలుగేళ్ల పిల్లవాడిని అవ్వ దగ్గర వదిలి తల్లిదండ్రులు వెళ్లారనుకుందాం. మొదటి మూడు నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేస్తాడు. లారీ శబ్దం వినబడితే వాకిట్లోకి పరిగెత్తుతాడు, అన్నం పళ్లెం తోసేస్తాడు, అవ్వను కొడతాడు. తర్వాత కొన్నాళ్లు గోడకానుకుని కూర్చుంటాడు, పెట్టింది కాస్త తింటాడు. రెండు మూడు వారాలయ్యేసరికి ఆడుకుంటాడు, నవ్వుతాడు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోతాడు, అమ్మ మాట ఎత్తడు. "అలవాటు పడినాడులే" అంటారు ఇరుగుపొరుగు. అవ్వకూ ఊపిరి తిరుగుతుంది.

పిల్లల మనసు గురించి డెబ్భై ఏళ్లకు పైగా జరిగిన పరిశోధనలో బాగా నిలబడిన సంగతుల్లో ఒకటి ఏమిటంటే, ఈ మూడో దశను చూసి పెద్దలు తేలిగ్గా పొరబడతారు. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1940ల చివరి నుంచి ఆస్పత్రుల్లో చేరిన చిన్నపిల్లలను రోజులకు రోజులు గమనించాడు. ఆ రోజుల్లో అక్కడి ఆస్పత్రులు తల్లిదండ్రులను వార్డులోకి అంతగా రానిచ్చేవి కావు. వాళ్లను చూస్తే పిల్లలు ఏడుస్తారు, చూడకపోతే బుద్ధిగా ఉంటారు అన్నది నర్సుల అనుభవం. రెండేళ్ల పాప ఒకతె ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఎలా గడిపిందో రాబర్ట్‌సన్ కెమెరాతో చిత్రించి చూపించాడు. అతను, మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ కలిసి చెప్పిన వరస ఇది: ముందు పోరాటం, తర్వాత నిరాశ, ఆఖరున తెగిపోవడం. వార్డులో అందరూ మెచ్చుకునే బుద్ధిమంతుడైన పిల్లవాడు ఈ మూడో మెట్టు మీద ఉండవచ్చు. ఎదురు చూసి చూసి, చూడడం బాధగా ఉంది కాబట్టి చూడడం మానేసినవాడు వాడు. తర్వాతి కాలంలో, 1959లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన కమిటీ ఒకటి, తల్లిదండ్రులను పిల్లల వార్డుల్లోకి ఎప్పుడంటే అప్పుడు రానివ్వాలని సిఫారసు చేసింది.

ఏడెనిమిది నెలల బిడ్డ కొత్త మొహం చూస్తే ఏడుస్తుందని ఏ తల్లికైనా తెలుసు. అది మనసు ఎదుగుదలలో పెద్ద మలుపు. అప్పటిదాకా ఎవరు ఎత్తుకున్నా సరేననే బిడ్డ, ఇక తనవాళ్లెవరో తేల్చుకుందన్నమాట. అక్కడి నుంచి మూడు నాలుగేళ్ల దాకా ఆ ఒకరిద్దరు మనుషులే బిడ్డకు ఊతకర్ర. వాళ్లు కనుచూపు మేరలో ఉంటే దూరంగా పోయి ఆడుకుంటుంది, భయమేస్తే వెనక్కి పరిగెత్తుకొస్తుంది. కోపం వస్తే ఏం చేయాలో, భయం వేస్తే ఎలా తగ్గించుకోవాలో ఈ పోవడం రావడంలోనే నేర్చుకుంటుంది. బిడ్డ తనంతట తాను సముదాయించుకోలేదు. ముందు ఒకరు సముదాయించాలి, అది వందలసార్లు జరగాలి, అప్పుడు ఆ సముదాయింపు లోపలికి దిగుతుంది.

అయితే లండన్ వార్డును తెచ్చి కౌతాళం ఇంటికి ఉన్నదున్నట్టు అంటించడం కుదరదు. అక్కడి పాప పూర్తిగా పరాయివాళ్ల మధ్య ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో బిడ్డకు పుట్టిననాటి నుంచే అవ్వ ఉంటుంది, పిన్నమ్మ ఉంటుంది, పక్కింటి అక్క ఉంటుంది. తల్లి ఒక్కతే సర్వస్వం అన్నట్టుగా మొదట్లో సాగిన వాదనను మైకేల్ రట్టర్ అనే మానసిక వైద్యుడు 1972లోనే సవరించాడు. దూరం కావడం ఒక్కటే హాని చేయదు, దూరమైనప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాడు, ఆ ఇంట్లో గొడవలున్నాయా, వెనకా ముందూ ఏం జరిగింది అన్నవి అంతకన్నా ముఖ్యం అన్నాడు. రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ కూడా తల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ కొందరు పిల్లలను తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ముందే పరిచయం పెంచుకుని, పిల్లల సొంత దుప్పటి, సొంత బొమ్మ తెప్పించి, అమ్మ గురించి రోజూ మాట్లాడుతూ చూసుకుంటే ఆ పిల్లలు బాధపడ్డారు కానీ విరిగిపోలేదు.

కాబట్టి అవ్వ దగ్గర పెరిగే ప్రతి బిడ్డా దెబ్బతిన్నట్టేనని అనడం తప్పు. ఆ మాట తల్లుల మీద మోపే అన్యాయపు నింద కూడా. అప్పు తీర్చడానికి పోయిన తల్లికి బౌల్బీ పాఠం చెప్పి ఏం లాభం? కానీ అవ్వ ఉంది కదా అని వదిలేయడానికీ లేదు. ఆ అవ్వకు అరవై దాటి ఉంటాయి, మోకాళ్లు నొప్పులు. ఇద్దరు కొడుకుల పిల్లలు, ఒక కూతురి పిల్లలు అంతా ఆమె దగ్గరే. పొద్దున కూలికి పోతే చీకటి పడ్డాక వస్తుంది. ఒక మనిషి ప్రేమను ఆరుగురు పంచుకున్నప్పుడు, గట్టిగా ఏడ్చేవాడికి ఎక్కువ దొరుకుతుంది. గోడకానుకుని కూర్చున్నవాడికి ఏమీ దొరకదు.

తల్లిదండ్రులు పరాయి ఊళ్లకు పనికి పోయిన పిల్లల మీద జరిగిన 111 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2018లో ది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాటిలో అత్యధికం చైనావి. వెనక ఉండిపోయిన పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువని తేలింది. తల్లిదండ్రులు పంపే డబ్బు వల్ల పిల్లలకు అదనంగా ఒరిగిన మేలు మాత్రం ఆ అధ్యయనాల్లో కనిపించలేదు. చైనా ఊళ్లకూ మన ఊళ్లకూ తేడాలు చాలా ఉన్నాయి. అయినా దిశ తెలుస్తోంది.

ఇక వదిలిపోయే పద్ధతి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ చాలా నష్టం ఇక్కడే జరుగుతుంది. "వాడు నిద్రపోయినంక పోదాం, చూస్తే ఏడుస్తాడు" అనుకుని తెల్లవారుజామున లేచి వెళ్లిపోతారు. ప్రేమతోనే చేస్తారు. పిల్లవాడికి మాత్రం అర్థమయ్యేది వేరు: తాను కళ్లు మూసుకుంటే మనుషులు మాయమవుతారు. ఆ తర్వాత రాత్రిళ్లు నిద్రకు మొండికేయడం, అవ్వ చెయ్యి వదలకపోవడం, నిద్రలో ఉలిక్కిపడి లేవడం అందుకే. పైగా మర్నాడు ఏడుస్తుంటే "రేపొస్తాదిలే మీ అమ్మ" అంటారు. ఆ రేపు ఎన్నటికీ రాదు. రెండు మూడు రేపులు గడిచాక పిల్లవాడు పెద్దల మాట లెక్కపెట్టడం మానేస్తాడు.

ఏడ్చినా సరే, చెప్పి వెళ్లడమే మేలు. నాలుగేళ్లవాడికి నాలుగు నెలలంటే తెలియదు. సంక్రాంతి తెలుసు, శివరాత్రి తెలుసు, ఉగాది తెలుసు. "శివరాత్రి అయిపోయి, ఉగాదికి మామిడాకులు కట్టేటప్పటికి వస్తాం" అంటే వాడికి పట్టుకోవడానికి ఏదో దొరుకుతుంది. కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా వదిలిపోతే రాత్రిళ్లు అది కప్పుకుని పడుకుంటాడు. ఫోన్ ఎప్పుడో ఒకసారి గంటసేపు కాకుండా, రోజూ ఒకే వేళకు రెండు నిమిషాలు వస్తే మంచిది. రేపు మళ్లీ ఈ వేళకు గొంతు వినబడుతుందన్న నమ్మకం రెండు నిమిషాలతోనే కుదురుతుంది.

ఈ వయసు పిల్లల ఆలోచనలో ఇంకో తిరకాసు ఉంది. మూడు నుంచి ఏడేళ్ల మధ్య, చుట్టూ జరిగేదానికి తానే కారణమని బిడ్డ తరచుగా నమ్ముతుంది. తాను అలిగినందుకే అమ్మ వెళ్లిపోయిందనుకుంటుంది. దీనికి పెద్దల బెదిరింపు తోడవుతుంది: "మాట వినకపోతే మీ అమ్మ రాదు." అలసిపోయిన అవ్వ నోటి వెంట మామూలుగా వచ్చే మాటే. బిడ్డ లోపల అప్పటికే ఉన్న అనుమానానికి అది సాక్ష్యమవుతుంది. అప్పటి నుంచి బుద్ధిగా ఉంటాడు, అది భయంతో వచ్చిన బుద్ధి.

బడికి పోయే వయసు వచ్చాక దిగులు ఒంట్లోకి దిగుతుంది. ఆరు నుంచి పదేళ్ల పిల్లలు "నాకు బాధగా ఉంది" అనరు. ఆ మాట వాళ్ల దగ్గర లేదు. పొద్దున్నే కడుపునొప్పి, మధ్యాహ్నం తలనొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలు కావడం, తోటిపిల్లల మీద చేయి చేసుకోవడం, వచ్చిన ఎక్కాలు మరిచిపోవడం, ఇవే వాళ్ల మాటలు. పల్లెల్లో దీన్ని దడుచుకున్నాడంటారు. తాయెత్తు కట్టిస్తారు, మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదిస్తారు, దిష్టి తీస్తారు. చదువుకున్నవాళ్లు దీన్ని వెక్కిరిస్తుంటారు గానీ, ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ పూట ఇంటిల్లిపాదీ పని మానుకుని ఆ బిడ్డ చుట్టూ చేరతారు. వాడి తల మీద చెయ్యి పెడతారు. వాడికి ఏదో అయిందని ఒప్పుకుంటారు. చాలాసార్లు తగ్గేది అందుకే. అది వారాలు గడిచినా తగ్గకపోతేనో, బిడ్డ సన్నబడుతుంటేనో, మూర్ఛలు వస్తుంటేనో తాయెత్తు దగ్గరే ఆగిపోవడం ప్రమాదం.

పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్ల విషయానికి వస్తే మౌనానికి మెచ్చుకోలు కూడా దొరుకుతుంది. తల్లి సుగ్గికి పోతే ఇల్లు ఆ పిల్ల చేతికి వస్తుంది. తమ్ముడికి అన్నం, తాతకు మందులు, నీళ్లు, పాచి పని, మధ్యలో బడి. "బంగారు తల్లి, ఇంటిని నిలబెడుతోంది" అంటారు. నిజమే, నిలబెడుతోంది. కానీ ఆ పిల్లను ఎవరు నిలబెడుతున్నారు? పెద్దమనిషైన ఏడాదే తల్లి దగ్గర లేకపోతే అడగాల్సినవి ఎవరినీ అడగలేదు. ఆ వయసు ఆడపిల్లను ఒంటరిగా వదలడానికి భయపడి కొందరు తల్లిదండ్రులు పెళ్లి తలపెడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పెళ్లిమాట ఇంట్లో వినబడుతున్న పిల్ల చదువులో వెనకబడితే దాన్ని మార్కుల సమస్యగా చూడడం అమాయకత్వం.

కౌమారం గురించి నాడీశాస్త్రం చెప్పేది క్లుప్తంగా ఇంతే. ఉద్వేగాన్ని రేపే మెదడు భాగాలు పన్నెండు పధ్నాలుగేళ్లకే వేగం అందుకుంటాయి. ఆగి ఆలోచించే నుదుటి వెనక భాగం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. నిద్ర పట్టే వేళ కూడా గంట, రెండు గంటలు ఆలస్యమవుతుంది. రాత్రి పదకొండు దాకా నిద్ర రానిది బద్ధకం వల్ల కాదు. ఈ వయసువాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. కుంగుబాటు కూడా పెద్దవాళ్లలోలా ఏడుపుగా బయటపడకపోవచ్చు, చిరాకుగా, ఎదురు మాటగా, ఇష్టమైన ఆట మీద కూడా విసుగుగా కనిపిస్తుంది. దాన్ని పొగరు అనుకుని కొట్టడం ఇక్కడ మామూలు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్క తేలింది. నలభై మంది ఉన్న తొమ్మిదో తరగతి గదిలో అది దాదాపు ముగ్గురు.

పదో తరగతి గట్టెక్కిన పిల్లల్లో కొందరిని, అప్పు చేసైనా సరే, రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో వేస్తారు. చిన్నప్పుడు తల్లిదండ్రులు వెళ్లారు, వీడు ఉండిపోయాడు. ఇప్పుడు వీడు వెళ్తున్నాడు. హాస్టల్‌కి వచ్చిన మొదటి వారం ఫోన్లో ఏడుస్తాడు. "ఇంత డబ్బు కట్టినాం నాయనా, ఓర్చుకో" అంటారు. రెండో నెలకల్లా ఏడవడు. "బాగున్నావా?" అంటే "ఆ, బాగున్నా" అంటాడు. ఇంట్లో వాళ్లు మళ్లీ అదే మాట అనుకుంటారు: అలవాటు పడినాడు.

ఆ "బాగున్నా" వెనక బరువు ఎంతుంటుందో ఊహించవచ్చు. బడి చదువులకు పాఠ్యపుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో వెల్లడించిన సర్వేలో దాదాపు 3.79 లక్షల మంది విద్యార్థులు పాల్గొంటే, 81 శాతం మంది తమ టెన్షన్‌కు కారణంగా చదువు, పరీక్షలు, ఫలితాలనే చెప్పారు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో చెప్పుకోదగ్గది. వంద మంది, ఆ పైన విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదని, నలుగురిలో అవమానించకూడదని కోర్టు చెప్పింది. మొదటి వారం పరీక్ష మార్కులతో సెక్షన్లు మార్చే కాలేజీలున్న రాష్ట్రానికి ఇది చిన్న మాట కాదు. కానీ కౌన్సెలర్ అన్న బోర్డు ఉన్నంత మాత్రాన పిల్లవాడు తలుపు తట్టడు. ఆ గదిలో చెప్పింది ప్రిన్సిపాల్ దాకా, అక్కడి నుంచి నాయన దాకా పోదన్న నమ్మకం ఉంటేనే తడతాడు.

ఆత్మహత్య గురించి పిల్లల్ని అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు. ఇది తప్పు భయం. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, నెమ్మదిగా అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినప్పుడు చాలామందికి బరువు దిగినట్టుంటుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు, తిట్టకూడదు, చేలకు కొట్టే మందులు తాళం వేసి పెట్టాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. పిల్లల ఆపదలకు 1098 ఉంది. కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది.

అయితే హొళగుందవాళ్లకు కర్నూలు కన్నా బళ్లారి దగ్గర. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1980ల రెండో సగంలో నిమ్హాన్స్ ఆ బళ్లారి జిల్లాలోనే ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక జబ్బులకు వైద్యం ఊరి దగ్గరికే తెచ్చింది. 1996లో కొన్ని జిల్లాల్లో మొదలై తర్వాత దేశంలో విస్తరించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. సరిహద్దుకు అవతల, బస్సు దిగితే చేరేంత దూరంలో పుట్టిన పద్ధతి అది. ఆ నమూనా ఎక్కువగా తీవ్రమైన జబ్బులను, మూర్ఛలను దృష్టిలో పెట్టుకుంది. గోడకానుకుని కూర్చున్న పిల్లవాడు దాని లెక్కలోకి రాలేదు, ఇప్పటికీ పెద్దగా రావడం లేదు. వాడిని ముందుగా చూడగలిగింది బడి పంతులు, అంగన్‌వాడీ టీచరు, సీజనల్ హాస్టల్లో వంట చేసే అక్క. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు వెంటాడి చూసింది. కష్టాల్లో పెరిగినవాళ్లలో మూడో వంతు మంది నిబ్బరంగా పెద్దయ్యారు. అలాంటివాళ్లకు చిన్నప్పుడు తమను పట్టించుకున్న పెద్ద మనిషి కనీసం ఒకరు ఉన్నారు. ఆ ఒక్కరు తల్లో తండ్రో కానక్కర్లేదు. హాస్టల్ వంటమనిషి కూడా కావచ్చు, పేరుపెట్టి పిలిచి, నిన్న ఎందుకు సరిగ్గా తినలేదో అడిగితే.

ఉగాదికి లారీలు తిరిగొస్తాయి. తల్లి మూట దించి చేతులు చాపుతుంది. నాలుగేళ్లవాడు అవ్వ కొంగు చాటుకు పోతాడు. తెచ్చిన బొమ్మ తీసుకుంటాడు గానీ ఒళ్లోకి రాడు. "అమ్మనే మరిచిపోయినాడు చూడు" అని చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. వాడు మరిచిపోలేదు. రాబర్ట్‌సన్ గమనించిన పిల్లల్లోనూ ఇదే కనిపించింది. తిరిగొచ్చిన తల్లిని ముందు ఎరగనట్టు ఉంటారు, రెండు మూడు రోజుల తర్వాత వదలకుండా పట్టుకుంటారు, చిన్నదానికీ పెద్దదానికీ ఆమె మీదే విరుచుకుపడతారు. పక్క తడుపుతారు, అన్నం నోట్లో పెట్టమంటారు, నీళ్ల బిందె ఎత్తుకుని కుళాయి దాకా పోతే వెంట పరిగెత్తుతారు. అమ్మ వచ్చినాక చెడిపోయాడు, అవ్వ దగ్గరున్నప్పుడు ఎంత బుద్ధిగా ఉన్నాడో అని ఇంట్లో అందరూ అంటారు. అవ్వ దగ్గర అణచుకున్న నాలుగు నెలల ఏడుపు, వినే మనిషి వచ్చాక బయటికి వస్తోంది. కొన్ని వారాలు అలాగే సాగుతుంది. ఆ కొన్ని వారాలు కుళాయి దగ్గరికి వాడిని చంకనేసుకునే పోవాలి.